కుక్క తూలితే పిచ్చేనా?

మీ పెంపుడు కుక్క ఉన్నట్టుండి తూలుతూ, గుండ్రంగా తిరుగుతూ, మూర్ఛతో పడిపోతోందా? "పిచ్చెక్కింది, చంపేయండి" అంటారు ఇరుగుపొరుగు. తొందరపడకండి. అది మెదడువాపు కావచ్చు. కొన్ని చిన్నజాతి కుక్కల్లో శరీరంలోని రక్షణశక్తే మెదడుపై తిరగబడుతుంది. అలాంటి వాటికి ప్రెడ్నిసొలోన్ మాత్రలతో చాలాసార్లు గుణం కనిపిస్తుంది. డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టకండి; తేరుకుంది కదా అని హఠాత్తుగా ఆపనూ వద్దు. నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలి.

అయితే రేబిస్ కాదని తేలేవరకు దాని నోటి దగ్గర చెయ్యి పెట్టకండి. నాలుక మింగేస్తుందని చెంచా దూర్చడం ఒట్టి మూర్ఖత్వం. పెనుగొలను వారైతే, కుక్కను గదిలో ఉంచి తలుపు వేసి, తిరువూరులో పశువైద్యునికి కబురు చేయండి. అవసరమైతే ఆయన గన్నవరం పశువైద్య కళాశాలకు పంపవచ్చు. చొంగ గాయానికి తగిలితే సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ 14 సూదుల రోజులు పోయాయి. ఇప్పుడు టీకా చేతికే.