పిడుదు కుక్క మీదే కాదు, గోడలోనూ ఉంది!

మీ ఇంట్లో కుక్కను పెంచుతున్నారా? అయితే ఒక్కసారి దాన్ని దగ్గరకు పిలిచి చెవులు మడిచి చూడండి. మెడపట్టీ కింద, కాలివేళ్ళ సందుల్లో తడిమి చూడండి. ఆముదపు గింజలాంటిది ఏదైనా చేతికి తగిలిందా? అదే రక్తం తాగి ఉబ్బిన పిడుదు. కొన్ని చోట్ల గోమారి అంటారు.

"ఆ, పిడుదులు లేని కుక్క ఎక్కడుంటుంది?" అని తీసిపారేయకండి. నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెబుతాను, వినండి.

ఆ ఇంటి మామ్మగారు ప్రతి ఆదివారం అరుగు మీద కూర్చుని కుక్కకు పిడుదులు ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసేవారు. "వారం వారం ఏరుతూనే ఉన్నానండీ. వారం వారం వస్తూనే ఉన్నాయి" అని వాపోయేవారు. ఒకనాడు కుక్క అన్నం ముట్టలేదు. ఎండదెబ్బ అనుకున్నారు. నాలుగోనాడు ముక్కు నుంచి రక్తం కారింది. పశువుల ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైపోయింది. తరువాత గోడకున్న క్యాలెండరు తీసి చూస్తే, వెనకాల పగుల్లో కుప్పలుగా పిడుదులు!

మామ్మగారి శ్రద్ధలో లోపం లేదు. లోపమల్లా ఆవిడ కుక్క మీద మాత్రమే వెతకడంలో ఉంది.

అసలు కాపురం ఎక్కడ?

మన కుక్కలకు ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు జీవితంలో మూడుసార్లు రక్తం తాగుతుంది. పిల్లగా ఒకసారి, కాస్త ఎదిగాక ఒకసారి, పెద్దదయ్యాక మరొకసారి. తాగిన ప్రతిసారీ కుక్క మీద నుంచి రాలిపోయి గోడ పగుళ్ళలో, గడప సందుల్లో, మంచం కోళ్ళ దగ్గర దాక్కుంటుంది. ఆడ పిడుదు అక్కడే వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. ఆకలితో నెలల తరబడి కాచుకుని ఉండగల మొండి ప్రాణి ఇది. కుక్క మీద మీకు కనిపించేవి ఆ సంతానంలో కొద్ది భాగమే.

చలి దేశాల్లో శీతకాలం వీటి జోరు తగ్గిస్తుంది. మనకు ఆ వరం లేదు. ఉగాదికి మందు మొదలుపెట్టి దీపావళికి ఆపేస్తే, ఆ ఖాళీలోనే మళ్ళీ పుంజుకుంటాయి. కాబట్టి జాగ్రత్త ఏడాది పొడుగునా ఉండాలి.

ఏం చేయాలి?

కుక్కకు: నెలకోసారి వీపు మీద వేసే చుక్కల మందులున్నాయి. నమిలే మాత్రలూ ఉన్నాయి. వాటిలో కొన్ని నెలరోజులు, కొన్ని సుమారు మూడు నెలలు పనిచేస్తాయి. బరువును బట్టి, వయస్సును బట్టి పశువైద్యుడు చెప్పినదే వాడండి. కుక్కకు మూర్ఛలు వస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

ఇంటికి: గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చండి. కుక్క పడుకునే గుడ్డలు వారానికోసారి మరిగే నీళ్ళలో ఉతకండి. పురుగుమందు కొట్టించేటప్పుడు కుక్కనూ, పిల్లలనూ బయట ఉంచి, బాగా ఆరాకే రానివ్వండి. గుడ్లు తరువాత పొదుగుతాయి కనుక ఒక్కసారితో సరిపోదు. రెండు మూడు వారాలకు మళ్ళీ కొట్టించాలి.

ఒంటి మీద ఉన్నదాన్ని తీయాలంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, నిదానంగా నిటారుగా లాగండి. అగరువత్తితో కాల్చవద్దు. గోళ్ళతో నలపవద్దు. తీసినదాన్ని స్పిరిట్‌లో వేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఇవి చేయకండి

పొలానికి కొట్టే మందు నీళ్ళలో కలిపి కుక్కకు పూసేవారు ఇంకా ఉన్నారు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది. ఆ విషం నేరుగా కడుపులోకి పోతుంది. ఇక పిల్లి ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. ఎట్టి పరిస్థితుల్లోనూ దానికి రాయకండి.

పిడుదులతో పాటు ఫ్లీలనే, దూకే చిన్న పురుగులు కూడా ఉంటాయి. వీటి గుడ్లు రాలి చాపల కింద, దుమ్ములో పెరుగుతాయి. ఫ్లీని పొరపాటున మింగిన పిల్లలకు ఒక రకం బద్దెపురుగు పట్టవచ్చు. అందుకే మూలమూలలా ఊడ్చడం కూడా వైద్యమే. పిడుదు కాటువల్ల మనుషులకూ దద్దుర్లతో జ్వరం వచ్చే అవకాశం ఉంది. పిడుదులున్న ఇంట్లో ఎవరికైనా అలా వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఈ లక్షణాలు గుర్తుంచుకోండి

కుక్క తిండి మానేసినా, ఒళ్ళు కాలుతున్నా, చిగుళ్ళు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం కాఫీ రంగులో ఉన్నా, రేపు చూద్దాం అనుకోకండి. పిడుదు జ్వరాన్ని రక్తపరీక్షతో పట్టుకోవచ్చు. త్వరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. మందు సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. కుక్క లేచి తిరుగుతోంది కదా అని వారానికే ఆపేయవద్దు.

మామ్మగారింట్లో ఇప్పుడు మరో కుక్క ఉంది. ఆవిడ ఆదివారం అరుగు మీద కూర్చోవడం మానలేదు. కాకపోతే, కుక్క చెవులు చూశాక లేచి వెళ్ళి క్యాలెండరు కూడా ఎత్తి చూస్తున్నారు. మీరూ చూడండి.