పేరు పెట్టే ముందు: స్కిజోఫ్రీనియాను ఎట్లా గుర్తిస్తారు?

విదురాశ్వత్థలో అశ్వత్థ కట్ట చుట్టూ ఉన్న నాగశిలలు మనందరం చూసినవే. పిల్లలు కలగాలని, దోషం పోవాలని మొక్కుకున్నవాళ్ళు ప్రతిష్ఠించినవి. "నాకు నాగదోషం ఉంది" అని నమ్మేవాళ్ళను ఏ డాక్టరూ రోగి అనరు, ఎందుకంటే ఆ నమ్మకం ఊరందరిదీ. కానీ ఒకామె "నాగులు నాకు ఒక్కదానికే ఆజ్ఞలు ఇస్తున్నాయి, ఊరంతా కలిసి నా అన్నంలో విషం పెడుతున్నారు" అని నిద్ర లేకుండా భయపడుతూ ఉంటే? అప్పుడు ఆమె ఇంట్లోవాళ్ళకే ఆ మాట కొత్తగా ఉంటుంది. నమ్మకానికీ భ్రమకీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే మనోవైద్యంలో కష్టమైన ప్రశ్న. సైకాలజీ క్లాసులో ఈ పాఠం విన్నాక మన గోడపత్రికకు రాయాలనిపించింది.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "అపరిచితుడు" సినిమాలో చూపించింది స్కిజోఫ్రీనియా కాదు. ఒకే మనిషిలో ముగ్గురు మనుషులు ఉండడం వేరే సమస్య. జర్మనీకి చెందిన క్రేపెలిన్ ఈ జబ్బును ముందు వేరే పేరుతో వర్ణించాడు. స్కిజోఫ్రీనియా అనే మాట 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ పెట్టింది. చీలిన మనసు అని ఆ మాటకు అర్థం. ఆలోచన, భావం, మాట ఒకదానితో ఒకటి కలవకపోవడాన్ని ఆయన చీలిక అన్నాడు.

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగులో కనిపించదు. డాక్టరు మాట్లాడి, చూసి, ఇంట్లోవాళ్ళను అడిగి తేలుస్తారు. అమెరికా వాళ్ళ డి.ఎస్.ఎం.-5 పుస్తకం (2013) ఐదు లక్షణాలు చెప్తుంది: భ్రమలు, లేనివి వినిపించడం లేదా కనిపించడం, పొంతన లేని మాట, పొంతన లేని ప్రవర్తన, మాట-ఉత్సాహం తగ్గిపోవడం. వీటిలో కనీసం రెండు నెలరోజులు ఉండాలి. ఆ రెండింటిలో ఒకటి మొదటి మూడింటిలోది కావాలి. మొత్తం సమస్య ఆరు నెలలు సాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ ఐ.సి.డి.-11కి మాత్రం ఒక నెల చాలు. అంటే రెండు నెలలుగా బాధపడుతున్న మనిషికి ఒక పుస్తకం ప్రకారం ఈ పేరు రావచ్చు, ఇంకో పుస్తకం ప్రకారం అప్పుడే రాదు. మనిషి అదే, బాధ అదే.

ఇక్కడే రెండు మాటలు వస్తాయి: విశ్వసనీయత, సప్రమాణత. చింతామణి మార్కెట్లో టమాటా తూచే కాటా అనుకోండి. ఎవరు ఎన్నిసార్లు తూచినా ఒకే బరువు చూపిస్తే అది విశ్వసనీయత. కానీ ప్రతిసారీ కిలో తక్కువే చూపిస్తుంటే? లెక్క మారట్లేదు కాబట్టి విశ్వసనీయత ఉంది, నిజమైన బరువు కాదు కాబట్టి సప్రమాణత లేదు.

ఒకప్పుడు విశ్వసనీయతే లేదు. 1960ల చివర్లో న్యూయార్క్ డాక్టర్లు స్కిజోఫ్రీనియా అని రాసినంత ఎక్కువగా లండన్ డాక్టర్లు రాసేవాళ్ళు కాదు. రెండు ఊళ్ళలో రోగులను ఒకే పద్ధతిలో పరీక్షించి చూస్తే ఆ తేడా చాలావరకు పోయింది. తేడా రోగుల్లో కన్నా డాక్టర్ల అలవాటులోనే ఎక్కువ ఉందన్నమాట. అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో 1,202 మందిని ఒకే ప్రశ్నావళితో పరిశీలించింది. మన దేశం నుంచి ఆగ్రా అందులో ఉంది. జాగ్రత్తగా అడిగితే ఈ జబ్బును అన్నిచోట్లా ఒకేలా గుర్తించవచ్చని తేలింది. అయినా పూర్తి ఒప్పుదల ఇప్పటికీ లేదు. డి.ఎస్.ఎం.-5 పరీక్షల్లో ఇద్దరు డాక్టర్ల ఏకాభిప్రాయం 0.46 వచ్చింది. ఈ కొలతలో 0 అంటే గుడ్డిగా కలిసింది, 1 అంటే పూర్తిగా కలిసింది.

సప్రమాణత ఇంకా చిక్కు. ఒకే పేరు ఉన్న ఇద్దరికి ఒక్క లక్షణమైనా కలవకపోవచ్చు. ఒకరు కోలుకుంటారు, ఒకరికి ఏళ్ళు పడుతుంది. బైపోలార్ జబ్బుతో లక్షణాలూ, వంశపారంపర్య కారణాలూ కొంత కలుస్తాయి. పాత ఉపరకాలు పనికిరావడం లేదని రెండు పుస్తకాలూ తీసేశాయి. అట్లని జబ్బే లేదని కాదు. బాధ నిజం, మందులతో చాలామందికి మేలు జరుగుతుందన్నదీ నిజం. మెరుగుపరచాల్సింది పేరునీ, దాని హద్దులనీ.

మన చిక్కబళ్ళాపుర జిల్లా వాళ్ళకు ఇంకో మెలిక ఉంది. మా ఇంట్లో అమ్మవైపు తెలుగు, నాన్నవైపు కన్నడం. ఒకే వాక్యంలో రెండూ దొర్లుతాయి. రెండూ రాని డాక్టరు వింటే పొంతన లేని మాట అనుకోవచ్చు కదా! సరిగా రాని భాషలో అడిగితే ముక్తసరిగా జవాబిస్తాం, అది "మాట తగ్గిపోవడం"గా కనబడొచ్చు. మా అవ్వ "దేవుడు చెప్పినట్టాయె" అంటుంది. ఆమెకు వినిపించిందా, అనిపించిందా? ఒక్క అక్షరం తేడా, కానీ రోగనిర్ధారణ మొత్తం దానిమీదే ఆధారపడుతుంది. కాబట్టి మనవాళ్ళను బెంగళూరు నిమ్హాన్స్‌కో, జిల్లా ఆసుపత్రికో తీసుకెళ్తే రోగికి ఏ భాష సులువో ముందే చెప్పాలి. ఎన్నాళ్ళ నుంచి, నిద్ర ఎట్లా ఉంది, మత్తు అలవాటు ఉందా అన్నవి రాసిపెట్టుకుని పోవాలి. ఫోనులో అయితే టెలిమానస్ 14416 ఉచితం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇదే జాగ్రత్త చెప్తుంది. కులం, మతం, డబ్బు చూసి ఒకరికి మానసిక జబ్బుందని తేల్చకూడదు. ఊరి కట్టుబాటుకు ఒప్పుకోనంత మాత్రాన తేల్చకూడదు. ఒకప్పుడు చికిత్స తీసుకున్నారన్న ఒక్క కారణంతో ఇప్పుడూ రోగి అనకూడదు. ఈ చివరిది పెళ్ళిచూపుల మాటల్లో, హాస్టలు గదుల్లో మనం గుర్తు పెట్టుకోవాల్సింది. అన్నీ చదివిన ఇద్దరు డాక్టర్లకే ఒక్కోసారి ఒప్పుదల కుదరని పేరును, క్లాసులో ఒకమ్మాయి మౌనంగా కూర్చుందని మనం తగిలించడం ఎంతవరకు న్యాయం?