సూర్యకాంతం నటన: గయ్యాళి పాత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
కోటబొమ్మాళి మొదలుకొని తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నింటా ‘సూర్యకాంతం’ అనే వ్యక్తినామం గయ్యాళికి పర్యాయపదంగా వ్యవహారంలో నిలిచింది. నటి పేరు సామాన్య నామంగా మారడం ఆమె ప్రతిభకు నిదర్శనమే. అయితే ఆ ప్రసిద్ధి చాటున ఆమె నటనలోని వైవిధ్యం మరుగునపడింది. ఆ వైవిధ్యాన్ని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

జీవిత విశేషాలు:
సూర్యకాంతం 1924 అక్టోబరు 28న కాకినాడ సమీపంలోని వెంకటకృష్ణరాయపురంలో జన్మించారు. మద్రాసు చేరి, చిన్న పాత్రలతో చలనచిత్ర జీవితాన్ని ఆరంభించారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వం వహించిన ‘సంసారం’ (1950)లోని గయ్యాళి అత్త పాత్ర ఆమెకు స్థిరమైన గుర్తింపు తెచ్చింది. అప్పటికి ఆమె వయస్సు సుమారు 26 ఏళ్లు. కథానాయికలకు తగిన వయస్సులోనే ఆమె అత్త పాత్రలకు పరిమితం కావలసి వచ్చింది. 1994 డిసెంబరు 18న ఆమె మరణించారు.

పాత్రచిత్రణ:
ఎడమచేతి విసురు, వేగంగా సాగే సంభాషణ, క్షణంలో మారే ముఖకవళికలు ఆమె అభినయానికి ప్రధాన లక్షణాలు. కోపంతో పాటు హాస్యాన్నీ పలికించడం వల్ల ప్రేక్షకులు ఆ పాత్రను నిందిస్తూనే ఆనందించారు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుని తల్లి హిడింబిగా ఆమె చూపిన వాత్సల్యం గయ్యాళితనానికి పూర్తిగా భిన్నమైనది.

కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘గుండమ్మ కథ’ (1962) ఈ సందర్భంలో కీలకం. ఎన్.టి. రామారావు, అక్కినేని, సావిత్రి, జమున వంటి అగ్రతారలున్నా చిత్రానికి పేరు ఆమె పాత్రదే. తెరపై అల్లుడైన రామారావు (జననం 1923) నిజజీవితంలో ఆమెకంటే వయస్సులో పెద్ద. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిలా చూసిన గుండమ్మ, చివరకు దుర్గమ్మ (ఛాయాదేవి) చేతిలో తానే బాధితురాలవుతుంది. పెత్తనం చేతిలో ఉన్నంతకాలం గయ్యాళి, అది జారిపోగానే నిస్సహాయురాలు. అంటే గయ్యాళితనం ఆమె జన్మస్వభావం కాదు. ఇంటి అధికారంతో ముడిపడినది. ఈ రెండు దశలనూ విశ్వసనీయంగా ఒకే పాత్రలో చూపగలగడమే సూర్యకాంతం సాధించిన విజయం.

ముగింపు:
ఆనాటి కుటుంబ చిత్రాలు ఉమ్మడి కుటుంబంలోని అధికార సంఘర్షణను ఒక స్త్రీ నోటి దురుసుగా కుదించి, ఆమెలో పరివర్తనతో సమస్య తీరినట్లు చూపాయి. ఆ భారాన్ని మోసిన నటిని కేవలం గయ్యాళిగా గుర్తుంచుకోవడం ఆ కుదింపును కొనసాగించడమే. కథానాయికలపై పెట్టినంత దృష్టిని సహాయ నటీమణులపైనా నిలిపినప్పుడే తెలుగు చలనచిత్ర చరిత్ర సమగ్రమవుతుంది.