మగ్గాల వాడల నుంచి మల్లన్న కొండకు: నల్లమల నడకదారి కథ

సోలాపూర్ తూర్పు భాగంలోని సాఖర్ పేఠ్, భద్రావతి పేఠ్, అశోక్ చౌక్ ప్రాంతాలలో తెలుగు నేత కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. 1870వ దశకంలో అక్కడ నూలు మిల్లులు వెలసిన నాటి నుంచి కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ అక్కడికి చేరుకొన్నారు. మన సరిహద్దు గ్రామాలలో సోలాపూర్‌తో చుట్టరికం లేని నేత ఇల్లు అరుదు. ఆ ఊరికీ నల్లమల అడవులలోని శ్రీశైలానికీ ఉన్న అనుబంధం మాత్రం నేత పరిశ్రమ కంటె ఎంతో పురాతనమైనది. ఏటా శివరాత్రికి, ఉగాదికి మహారాష్ట్ర, కర్ణాటక ప్రాంతాల నుంచి అడవి గుండా నడిచి వెళ్ళే యాత్రికుల వరుసను అర్థం చేసుకోవాలంటే ఆ అనుబంధం నుంచే మొదలుపెట్టాలి.

ఒక బాలుని నడకతో వెలసిన క్షేత్రం

సోలాపూర్‌కు పూర్వనామం సొన్నలిగె. 12వ శతాబ్దానికి చెందిన శివశరణుడు సిద్ధరాముడు ఈ ఊరివాడే. ఆయన చరితాన్ని 13వ శతాబ్దపు కన్నడ కవి రాఘవాంకుడు కావ్యంగా రచించాడు. ఆ కథ ప్రకారం పొలం కాస్తున్న బాలుని వద్దకు మల్లయ్య జంగమ వేషంలో వచ్చి లేత కంకులు తిని, పెరుగన్నం కావాలని అడుగుతాడు. పిల్లవాడు ఇంటికి పరుగెత్తి అన్నం తెచ్చేసరికి అతిథి కనిపించడు. “మల్లయ్యా” అని ఏడుస్తూ ఆ బాలుడు దారిన పోతున్న శ్రీశైల యాత్రికుల వెంట నడక సాగిస్తాడు. కొండకు చేరిన తరువాత అందరూ లింగాన్ని చూపినా, తన వద్ద కంకులు తిన్న మల్లయ్య ఇతడు కాడంటూ అడవిలో వెదకి వెదకి, చివరకు లోయలోకి దూకబోగా స్వామి ప్రత్యక్షమై కాపాడతాడు. తిరిగి వెళ్ళి సొన్నలిగెనే మరొక శ్రీశైలంగా తీర్చిదిద్దమని ఆదేశిస్తాడు.

సోలాపూర్ నడుమ ఉన్న చెరువు, అందులోని సిద్ధేశ్వరాలయం, ఊరి చుట్టూ నెలకొన్న అరవై ఎనిమిది లింగాలు ఆ ఆదేశానికి ఫలితాలని భక్తుల నమ్మకం. ప్రతి జనవరిలో సంక్రాంతికి జరిగే గడ్డా యాత్రలో ఏడు నందిధ్వజాలు ఊరేగుతాయి. కథలో గమనించదగిన విషయం ఒకటున్నది. ఆ బాలుడు ఒంటరిగా అడవి దాటలేదు. ముందు వెళుతున్నవారు అతనిని తమలో కలుపుకొన్నారు. నేటికీ నల్లమల దారికి మూలసూత్రం ఇదే.

అడవి దారి, రాతి గుర్తులు

శ్రీశైలానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ద్వారాలని పెద్దలు నిర్ణయించారు. సోలాపూర్, విజయపుర, రాయచూరు వైపు నుంచి వచ్చేవారు ఎక్కువగా కర్నూలు మీదుగా ఆత్మకూరు చేరి, అక్కడి నుంచి వెంకటాపురం వద్ద అడవిలో ప్రవేశిస్తారు. ఇవి 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. నాగలూటి, పెద్దచెరువు, మఠం బావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఈ బాట నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. గట్టివారు రెండు రోజులలో, పిల్లలు, పెద్దలు ఉన్న బృందాలు మూడు రోజులలో పూర్తి చేస్తారు.

మొదటి మజిలీ నాగలూటి. అక్కడ దట్టమైన చెట్ల నడుమ శిథిలమైన వీరభద్రాలయం, రాతి కోనేరు కనిపిస్తాయి. నేడు ఊరు లేని చోట ఇంతటి కట్టడాలు ఎందుకున్నాయని కొత్తవారు ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు కొండకు వెళ్ళడానికి ఇదే రాజమార్గమని తెలిస్తే ఆ సందేహం తీరుతుంది. యాత్రికులు ఆగేచోట నీరు, నీడ, దేవుడు ఉండాలి కనుక రాజులు, దాతలు ఇక్కడ కోనేరు త్రవ్వించి గుడి కట్టించారు. ఘాట్ రోడ్లు వచ్చి బస్సులు తిరిగిన తరువాత నడిచేవారు తగ్గి, ఈ మజిలీలు అడవి పాలయ్యాయి.

రెండవ మజిలీ పెద్దచెరువు. ఇది చెంచుల గూడెం. మల్లన్నను అల్లునిగా భావించే చెంచులకు ఈ అడవి సొంత ఇల్లు. ఏ బాట ఎటు పోతుందో, ఏ కుంటలో నీరు మిగిలిందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారితో మర్యాదగా మసలుకోవడం యాత్రికుని మొదటి ధర్మం.

అన్నింటికంటె కఠినమైనది భీముని కొలను. అక్కడ బాట ఒక్కసారిగా లోతైన లోయలోకి దిగి, మళ్ళీ నిటారుగా కైలాసద్వారానికి ఎక్కుతుంది. భీముడు గదతో కొట్టి ఇక్కడ నీటిని రప్పించాడని చెప్పుకొంటారు. అప్పటికే రెండు రోజులు నడిచిన కాళ్ళకు ఆ రాతి మెట్లు పెద్ద పరీక్ష. ఎక్కినవారు కైలాసద్వారం వద్ద కూలబడి కన్నీళ్ళు పెట్టుకోవడం వింత కాదు. అక్కడి నుంచి శ్రీశైలం కొద్ది దూరమే.

ఈ దారిని నడిచినవారు

నాసిక్ గుహలలోని గౌతమీ బాలశ్రీ శాసనంలో పేర్కొన్న ‘సిరిటన’ పర్వతం శ్రీశైలమేనని చరిత్రకారులు గుర్తించారు. అంటే దాదాపు 1,900 ఏళ్ళ క్రితమే మహారాష్ట్ర గడ్డ మీద ఈ కొండ పేరు రాతి కెక్కింది. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రను విస్తారంగా వర్ణించాడు. 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. తరువాత అనవేమారెడ్డి వీరశిరోమండపం నిర్మించాడు. విజయనగర రాజు రెండవ హరిహరరాయల దేవేరి విఠలాంబ పాతాళగంగకు సోపానాలు ఏర్పరచింది. 1677లో శివాజీ మహారాజు దక్షిణ దిగ్విజయ యాత్రలో శ్రీశైలం దర్శించాడు. ఆలయపు ఉత్తర గోపురం ఆయన కట్టించినదేనని ప్రసిద్ధి.

సామాన్య యాత్రికుని కష్టసుఖాలు మాత్రం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర వల్ల మనకు తెలుస్తున్నాయి. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఆయన ఆత్మకూరు నుంచి ఈ బాటనే శ్రీశైలం వెళ్ళివచ్చాడు. అప్పుడు ఈ సీమ కందనవోలు నవాబు ఏలుబడిలో ఉండేది. కొండకు పోయే యాత్రికుల వద్ద నవాబు సుంకం వసూలు చేసేవాడు. 1839లో ఆంగ్లేయులు ఆ రాజ్యాన్ని స్వాధీనం చేసుకొన్నారు. సుంకం ఇచ్చి, అడవిని దాటి, క్రూరమృగాలను తప్పించుకొని వెళ్ళినవారి ఓర్పును తలచుకొంటే మన ప్రయాణ బడలిక చిన్నదిగా తోస్తుంది.

నేతవారికీ మల్లన్నకూ

శివరాత్రి నాటి అర్ధరాత్రి శ్రీశైలంలో జరిగే పాగాలంకరణ నేతవారు తప్పక తెలుసుకోవలసిన ఘట్టం. చీరాల ప్రాంతపు దేవాంగ నేత కుటుంబం రోజుకొక మూర చొప్పున ఏడాది పొడవునా 365 మూరల తలపాగా నేస్తుంది. దీపాలన్నీ ఆర్పివేసిన చిమ్మచీకటిలో నేతగాడు దిగంబరుడై గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపపు నందుల చుట్టూ ఆ వస్త్రాన్ని అలంకరిస్తాడు. పెండ్లికొడుకైన మల్లన్నకు పాగా చుట్టే హక్కు నేతగానిది. ఇక కన్నడిగులు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి ఉగాదికి పసుపు కుంకుమలు, చీరెసారెలు తెస్తారు. కొందరు కావడి భుజాన వేసుకొని, కొందరు కర్రకాళ్ళ మీద నడిచి వస్తారు.

తెలుగువారి ఉగాది, మరాఠీల గుడిపాడ్వా ఒకేరోజు. అందువల్ల ఆ దినాలలో బాట మీద మూడు భాషలు వినిపిస్తాయి. మల్లన్న, మల్లయ్య, మల్లికార్జున అని ఎవరు ఏ పేరున పిలిచినా స్వామి ఒక్కడే. ఇంట తెలుగు, బజారులో మరాఠీ, ఇరుగుపొరుగుతో కన్నడం మాట్లాడే సోలాపూర్ నేతకారులు ఈ బృందాలకు సహజంగానే దుబాసీలు కాగలరు.

బయలుదేరే ముందు తెలుసుకోవలసినవి

మరమగ్గం కార్మికునికి నేసిన సరుకును బట్టే కూలి. నడకకు మూడు రోజులు, రాకపోకలకు మరి రెండు రోజులు మగ్గం ఆగితే ఆ మేరకు ఇంటి రాబడి తగ్గుతుంది. కనుక అప్పుచేసి, ఆరోగ్యం చూసుకోకుండా బయలుదేరడం భక్తి అనిపించుకోదు. నెలల ముందే లెక్క వేసుకొని, కొద్దికొద్దిగా కూడబెట్టుకొని వెళ్ళడం మంచిది. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకొన్నా స్వామి కాదనడు.

ఈ అడవి పులుల అభయారణ్యం. 1983లో పులుల సంరక్షణ పథకం క్రిందికి వచ్చిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోకెల్ల పెద్దదిగా పేరొందింది. 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. అందువల్ల ఉత్సవ దినాలలో అటవీశాఖ అనుమతించిన తేదీలలో, నిర్ణయించిన బాటలోనే నడవాలి. తేదీలు ఏటా మారుతాయి కనుక బయలుదేరే ముందే విచారించుకోవాలి.

పులి మనుషుల గుంపును చూసి సాధారణంగా తప్పుకొంటుంది. ఎలుగుబంటి అట్లా కాదు. అకస్మాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదపడుతుంది. తెల్లవారుజామున, సందెవేళ ఒంటరిగా బాట విడిచి పోవడం ప్రమాదకరమనడానికి కారణమిదే. బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవారిని ముందుంచి, దారి తెలిసినవారిని ఒకరిని చివర ఉంచాలి. అప్పుడు ఎవరూ వెనుకబడరు.

శివరాత్రి నాటికి రాత్రులు చల్లగా ఉంటాయి. ఒక సోలాపూర్ చద్దరు వెంట ఉంటే చాలు. ఉగాది నాటికి ఎండలు ముదిరి వాగులు ఎండుతాయి. మనిషికి కనీసం మూడు నాలుగు లీటర్ల నీరు మోసుకోవాలి. ఉప్పు, చక్కెర కలిపిన నీరు కొంచెం కొంచెంగా త్రాగుతుండాలి. చెమట ఆగి, ఒళ్ళు కాలి, మాట తడబడితే వడదెబ్బగా గుర్తించి వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు చల్లబరచి, సహాయం పిలవాలి. గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారు వైద్యుని అడగనిదే భీముని కొలను మెట్ల వైపు పోరాదు.

అన్నింటికంటె పెద్ద భయం నిప్పు. వేసవి మొదట్లో నల్లమల నేలంతా ఎండుటాకులు, ఎండు వెదురు. ఆర్పకుండా పారవేసిన ఒక బీడీ ముక్క గుట్ట మొత్తాన్ని కాల్చివేయగలదు. ప్లాస్టిక్ సంచులు తిని జింకలు చనిపోతాయి. తెచ్చుకొన్నది తిరిగి తీసుకొనిపోవాలి.

శిథిలాలను కాపాడవలసినది ఎవరు?

నల్లమలలోని పాత గుళ్ళను గుప్తనిధుల ఆశతో త్రవ్వి పాడుచేసినవారు ఉన్నారు. లింగాన్ని పెకలించి, నంది మెడ విరిచి చూసినచోట మట్టి తప్ప మరేమీ ఉండదు. ఆ గుడి కట్టించినవాడు దాచి వెళ్ళిన నిధి కోనేటిలోని నీరే. రాళ్ళ మీద పేర్లు చెక్కడం, శాసనాలకు సున్నం, రంగు పూయడం కూడా విధ్వంసమే. అక్షరం చెరిగిపోతే ఆ రాతి సాక్ష్యం శాశ్వతంగా పోయినట్లే. ఎక్కడైనా కొత్తగా త్రవ్విన గుంట కనిపిస్తే అటవీ సిబ్బందికి గాని, పోలీసులకు గాని తెలుపవలసిన బాధ్యత చూసినవారిదే.

ఎనిమిది వందల ఏళ్ళ క్రితం ఏడుస్తున్న ఒక పిల్లవానిని పేరు తెలియని యాత్రికులు తమ వెంట తీసుకొనిపోయారు. ఆ నడక వల్ల సోలాపూర్‌కు చెరువు వచ్చింది, గుడి వచ్చింది. మన వెనుక వచ్చే పిల్లలకు కూడా నాగలూటి కోనేరు, భీముని కొలను మెట్లు, వాటి చుట్టూ ఉన్న అడవి మిగలాలి. నడిచి వెళ్ళేవారు మొక్కుకోవలసిన మొదటి మొక్కు అదే.