రహదారికి కావలి యెవరు?

ప్రతిదినమును ఉదయమున బడిగంటకు ముందు మా పాఠశాల వాకిట బస్సు వచ్చి నిలుచును. పిల్లలు ఒకరినొకరు త్రోసికొనుచు దిగుదురు. బస్సుమీద అతికించిన సినిమా బొమ్మలను వారందఱును చూతురు. కాని దాని యెడమ ప్రక్కను చిన్న యక్షరములతో వ్రాసియున్న పంక్తులను చదివినవారు మిక్కిలి అరుదు. ఆ బండిలో ఎందఱు కూర్చుండవచ్చును, అది ఎంత బరువు మోయవచ్చును అను సంగతులు అందుండును. ప్రభుత్వము మనతో చెప్పు మాటలు అవి. వాని వెనుక నెట్టి యేర్పాటు కలదో, అది యెక్కడ నిలిచియున్నదో, యెక్కడ జాఱిపోవుచున్నదో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుప నుద్దేశించి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన దేశమున మోటారు బండ్లు కొద్దిగానున్న కాలమున 1914 సంవత్సరపు చట్టము చాలియుండెను. బండిని నమోదు చేయుట, నడుపువానికి లైసెన్సు నిచ్చుట దాని ముఖ్యమైన పనులు. పిమ్మట అద్దె బస్సులు వెలసెను. ఒకే దారిలో పలువురు యజమానుల బండ్లు నడువసాగెను. బండి నిండువఱకు కదలకుండుటయు, నిండిన పిదప ఎదుటివాని బండిని దాటవలెనని పరుగెత్తించుటయు వాడుకయయ్యెను. ముందు పోయినవానికే దారిలోని ప్రయాణికులు దొరకుదురు. కావున ఆ పందెము వేడుకకు గాదు, లాభమునకే. లాభము కోరువానిని నెమ్మదిగా పొమ్మని వేడుకొనినంత మాత్రమున ప్రయోజనము లేదు. ఏ బండి ఏ దారిని నడువవలెనో, ఏ వేళకు బయలుదేరవలెనో, ఎంత ఛార్జీ తీసికొనవలెనో మునుపే నిర్ణయింపవలెను. 1939 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఇందుకు దారి చూపెను. పర్మిటు లేనిదే అద్దె బండి నడుపరాదను నియమము దానివలన స్థిరపడెను. బండి తగిలి గాయపడిన మూడవవానికి పరిహారము దొరకునట్లు బీమా చేయింపవలెనను భాగము 1946 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఇప్పుడు నడచుచున్నది 1988 సంవత్సరపు చట్టము; ఇది 1989 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చి, 2019లో పెద్ద మార్పులను పొందినది.

ప్రభుత్వము బండ్లను అదుపుచేయుటయే గాక తానే నడుపుటయు మనవారికి క్రొత్త గాదు. హైదరాబాదు సంస్థానమున నిజాము రైల్వే వారు 1932లో 27 బస్సులతోను 166 మంది పనివారితోను రోడ్డు రవాణాను ప్రారంభించిరి. ఆ మూలమునుండియే 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ యేర్పడెను. ఆ సంస్థ కృష్ణా జిల్లాలోని దారులను తన చేతికి తీసికొనబూనినప్పుడు అచ్చటి బస్సుల యజమానులు అభ్యంతరము తెలిపిరి. ఆ శాఖకు కార్యదర్శియైన యధికారి వారి వాదము వినెను. తీర్పు మాత్రము ముఖ్యమంత్రి చేసెను. ఈ తగవు గుళ్లపల్లి నాగేశ్వరరావు గారి వ్యాజ్యముగా సుప్రీము కోర్టునకు పోగా, 1958లో ఆ న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసెను. ఒకరు విని మఱియొకరు తీర్పు చేసినచో వినుట వట్టి తంతు అగుననియు, తగవులో నొక పక్షమైన శాఖకు చెందినవాడే విచారణ చేయుట తగదనియు దాని తాత్పర్యము. పిమ్మట ముఖ్యమంత్రి స్వయముగా విని తీర్పు చేయగా 1959లో అది నిలిచెను. ఈ కథను న్యాయశాస్త్రము చదువువారు నేటికిని చదువుదురు. మన విషయమునకును ఇది ముఖ్యము. చూచినవాడే సంతకము చేయవలెను; సంతకము చేసినవాడు చూచియుండవలెను. పర్యవేక్షణ యనగా నింతే.

బస్సుల కిచ్చు పర్మిట్లు ముఖ్యముగా రెండు విధములు. దారి పొడవునను జనుల నెక్కించుకొని దింపుచు, ఒక్కొక్కరి యొద్ద వేఱువేఱుగా ఛార్జీ తీసికొను బండి స్టేజి క్యారేజి. పెండ్లివారివలె ఒక గుంపు మొత్తముగా అద్దెకు మాటలాడుకొని పోవు బండి కాంట్రాక్టు క్యారేజి. రెండవ విధపు పర్మిటు తీసికొని మొదటి విధముగా టిక్కెట్టు టిక్కెట్టుగా జనుల నెక్కించుట నియమ విరుద్ధము. రాత్రివేళ దూర ప్రయాణము చేయు ప్రైవేటు బస్సులపై తఱచుగా వినవచ్చు ఫిర్యాదు ఇదియే.

పర్మిటు దారికి సంబంధించినది. ఫిట్‌నెస్ పత్రము బండికి సంబంధించినది. బ్రేకులు, స్టీరింగు, దీపములు, టైర్లు, ఆపద వేళ తెఱచుకొను ద్వారము, నిప్పు నార్పు సాధనము, ప్రథమ చికిత్స పెట్టె మొదలగునవి పరీక్షించి రవాణా శాఖ ఈ పత్రము నిచ్చును. బండి ముదిరినకొలది పరీక్ష తఱచుగా జరుగవలెను. పాఠశాల బస్సులకు మఱికొన్ని నియమములు కలవు. వాని వేగము గంటకు 60 కిలోమీటర్లు మించకుండ నొక యంత్రము బిగింపవలెను.

వేగమున కింత పట్టుదల యేల యని విద్యార్థులు అడుగవచ్చును. లెక్క చేసి చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి క్షణమునకు దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట ఆవు అడ్డము వచ్చినదని డ్రైవరు గ్రహించి కాలు బ్రేకుపై మోపుటకు ఒక క్షణము పట్టిన యెడల, బండి తగ్గుట మొదలిడక మునుపే 17 మీటర్లు గడచిపోవును. అటుపిమ్మట ఆగుటకు పట్టు దూరము వేగముతో సమముగా పెరుగదు; వేగము రెట్టింపైన ఆ దూరము నాలుగింతలగును. పదవ తరగతివారు తమ భౌతికశాస్త్ర పుస్తకమున చదివిన సూత్రమే ఇది. రోడ్డుమీద దానిని తప్పుచదివినవానికి మఱల పరీక్ష యుండదు.

ఈ యేర్పాటు ఉండియు ఆపదలు సంభవించుచున్నవి. 2013 అక్టోబరు 30వ తేదీన బెంగుళూరునుండి హైదరాబాదునకు వచ్చుచున్న ప్రైవేటు బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద కల్వర్టును గ్రుద్దుకొని మండిపోగా 45 మంది మరణించిరి. 2014 జూలై 24వ తేదీన మెదకు జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటులో పాఠశాల బస్సును రైలు గ్రుద్దగా పదిమందికి పైగా పసిపిల్లలు పోయిరి. దేశములోని బ్రాడ్‌గేజి దారులపై కాపలా లేని గేట్లన్నియు తొలగింపబడుటకు 2019 వఱకు పట్టెను. 2018 సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు ఘాటు దారిలో బస్సు లోయలో పడి అరువది మందికి పైగా మృతి చెందిరి; ఆ బండిలో నూఱు మందికి పైగా నుండిరి. అది ప్రైవేటు బస్సు గాదు, ప్రభుత్వ సంస్థ బస్సే. ఇతరుల బండ్లను తనిఖీ చేయు ప్రభుత్వము తన బండ్లను అంతకంటెను కఠినముగా తనిఖీ చేసికొనవలసియున్నదని ఆ దుర్దినము చెప్పుచున్నది.

దేశము మొత్తమునకు 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు సుమారు 460 మంది. ఒక ఉన్నత పాఠశాల హాజరుపట్టీలోని పేరులన్నియు ఒక్క దినమున తుడిచివేసినట్లు. వారిలో హెల్మెట్టు ధరింపక మరణించినవారే 50,000 మందికి పైగా నుండిరి.

ఇక రోడ్డుమీద తనిఖీ సంగతి. త్రాగి నడుపువానిని ఊపిరి పరీక్షచే పట్టుకొందురు. 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల సారాయము మించినచో నేరము. పరిమితికి మించి ప్రయాణికుల నెక్కించుకొనిన బండికి, అధికముగానున్న ఒక్కొక్కరికి 200 రూపాయల చొప్పున జరిమానా 2019 సవరణలో చేర్చబడినది. తలిదండ్రులు ముఖ్యముగా ఎఱుగవలసిన నియమమును ఆ సవరణలోనే కలదు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లవాడు బండి నడిపి నేరము చేసిన యెడల, ఆ పిల్లవాని సంరక్షకుడో బండి యజమానియో మూడేండ్ల వఱకు చెఱసాలకును 25,000 రూపాయల జరిమానాకును పాత్రుడగును. ఆ బండి నమోదు పండ్రెండు మాసములు రద్దగును. పిల్లవానికి ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు.

ఇంతవఱకు ప్రభుత్వమును గూర్చి చెప్పితిమి. ఇప్పుడు మమ్మును గూర్చి చెప్పవలసియున్నది.

మా పాఠశాల వాకిట జామపండ్లు అమ్ముకొను ముసలమ్మ యొకతె కలదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన తండ్రి మోటారు సైకిలుపై బడికి వచ్చుట మేమందఱమును చూచుచుంటిమి. అతడు చదువులో చురుకైనవాడు. తండ్రి మాకు పరిచితుడు, మర్యాదస్థుడు. ఏదో యొకనాడు చెప్పుదమని తలంచి ఆఱు మాసములు ఊరకుంటిమి. ఒక సాయంకాలము అతడు స్నేహితులు చూచుచుండగా బండిని త్రిప్పబోయి ఆ ముసలమ్మను గ్రుద్దెను. ఆమె కాలు విఱిగెను. మేము పరుగెత్తి పోయి లేవనెత్తబోగా, ఆమె మొదట అడిగిన మాట, “పిల్లోడికేమీ తగల్లేదు కదా, పంతులుగారూ?” అని.

ఆ తండ్రి వైద్యపు ఖర్చులు భరించెను, అది నిజమే. కాని ముసలమ్మ నాలుగు మాసములు వాకిటికి రాలేదు. వచ్చినప్పుడు చేతికఱ్ఱతో వచ్చినది. ఆ పిల్లవాడు చాలా కాలము వెనుక గోడవైపు నుండి బడికి వచ్చుచుండెను. ఒకనాడు అతడు మాతో, “మీరు చూస్తున్నారు కదా సార్, తప్పయితే చెప్తారనుకున్నాను” అనెను. మేము దానికి ఉత్తర మీయలేకపోతిమి. బ్రేకులు చూడక సంతకము చేసిన ఇన్‌స్పెక్టరును మనము నిందింతుము. చూచియు నోరు మెదపని యుపాధ్యాయుడు అతనికంటె నెట్లు మేలు?

ప్రతి సందు మొగను ఒక పోలీసువానిని నిలుపుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము గాదు. తండ్రి బండి తాళము దాచుట, ఉపాధ్యాయుడు వాకిట నిలిచి అడుగుట, విద్యార్థి నిండిన బస్సు మెట్టుమీద వ్రేలాడక వెనుక బస్సునకు వేచియుండుట, ఇవి చట్టమునకు చేతులు కాళ్లు. ప్రమాదము చూచినవారు సాక్ష్యమునకు పిలుతురేమోయని వెఱచి తొలగిపోనక్కఱలేదు. గాయపడినవానిని సద్బుద్ధితో ఆస్పత్రికి చేర్చినవారికి రక్షణ కల్పించు నియమము 2019 సవరణలో చేరినది. ఇష్టము లేనిదే వారు తమ పేరైనను తెలుపనక్కఱలేదు.

ఈ సంవత్సరము మొదలు మా పాఠశాల వాకిట ఉదయ సాయంకాలములు ఒక్కొక్క యుపాధ్యాయుడు వంతు చొప్పున నిలుచుచున్నాడు. మోటారు బండిపై వచ్చిన పిల్లవాని తండ్రికి ఆనాడే కబురు పోవును. మొదట కొందఱు తండ్రులు కోపించిరి; ఇప్పుడు పలువురు తామే పిల్లలను దిగవిడిచి పోవుచున్నారు. ముసలమ్మ తన జామపండ్ల గంపతో మునుపటి చోటనే కూర్చుండుచున్నది. మా వంతు వచ్చిననాడు ఆమె ప్రక్కనే నిలుచుందుము.

బాలబాలికలారా! రేపు బస్సు దిగినప్పుడు ఒక్క నిమిషము ఆగి దాని ప్రక్కనున్న చిన్న యక్షరములు చదువుడు. లోపల ఎందఱుండవలెనో తెలిసికొని, ఎందఱున్నారో లెక్కింపుడు. లెక్క సరిపోనియెడల ఇంటివద్ద చెప్పుడు, మాతోను చెప్పుడు.