మీకు తెలుసా? కన్నవాళ్లు పోయాక కలం పట్టినవాళ్లు

మన ఇళ్లలో పెద్దవాళ్లు పోతే ఏ రోజు ఏం చేయాలో లెక్క ఉంటుంది. పదో రోజు, పదకొండో రోజు, నెల నెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. రాసుకుని ఊరట పడేవాళ్లకు మాత్రం ఇలాంటి పంచాంగమేదీ లేదు. ఒకాయన మర్నాడే మొదలుపెట్టాడు. ఒకావిడకు ముప్పై ఏళ్లు దాటింది. ఇంకొకాయన తండ్రి బతికుండగానే రాసేశాడు!

★

మర్నాడే మొదలుపెట్టినాయన ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్. వాళ్లమ్మ 1977 అక్టోబర్ 25న పోయింది. బార్త్ పెళ్లి చేసుకోలేదు, జీవితమంతా దాదాపు అమ్మతోనే గడిపాడు. 26న టైపు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క మీద రెండు మాటలు రాసుకున్నాడు. ఆ తర్వాత బల్ల మీద అలాంటి ముక్కలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. కొన్నింటి మీద పేరా, కొన్నింటి మీద ఒక్క వాక్యం. రెండేళ్లలో మూడు వందలు దాటాయి. వాటిని ఆయన అచ్చుకివ్వలేదు. పుస్తకంగా వచ్చింది 2009లో, ఆయన పోయిన 29 ఏళ్లకు.

అచ్చుకిచ్చింది వేరొకటి ఉంది. ఫొటోల మీద ఆయన రాసిన ‘కెమెరా లూసిడా’ సగం నుంచి ఒకే ఒక్క ఫొటో చుట్టూ తిరుగుతుంది. అందులో అమ్మ ఐదేళ్ల పిల్ల. పుస్తకంలో చాలా ఫొటోలున్నాయి, అదొక్కటే లేదు. నాకది అమ్మ, మీకైతే వేలాది పాత ఫొటోల్లో ఒకటి, ఎందుకు చూపించడం అన్నది ఆయన వాదన. పోయినవాళ్ల ఫొటోకు దండ వేసి వచ్చినవాళ్లందరికీ కనపడేలా పెట్టుకునే మనకు ఇది కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

★

ముప్పై ఏళ్లు దాటాక రాసినావిడ ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వూల్ఫ్. 1895 మే 5న తల్లి జూలియా పోయేనాటికి ఆమెకు పదమూడేళ్లు. అప్పటి నుంచి నలభై నాలుగో ఏడు వచ్చేదాకా అమ్మ తనను వదల్లేదని, పనిలో ఉన్నా పక్కనే నిలబడినట్టు ఆమె గొంతు వినపడేదని తర్వాత రాసుకుంది. ఒకరోజు లండన్‌లో తన ఇంటి ముందున్న టావిస్టాక్ స్క్వేర్ చుట్టూ నడుస్తుంటే ‘టు ద లైట్‌హౌస్’ నవల ఊహ ఒక్కసారిగా, ఆపినా ఆగకుండా వచ్చేసింది. అందులోని మిసెస్ రామ్సే అచ్చం వాళ్లమ్మే. చదివిన అక్క వెనెస్సా, పోయిన మనిషిని లేపి ఎదురుగా నిలబెట్టినట్టుంది, చదువుతుంటే బాధేసింది అని ఉత్తరం రాసింది.

అంత ప్రేమగా నిలబెట్టిన తల్లి చావును వూల్ఫ్ ఎలా రాసిందో చూడండి. పేజీలు కాదు, ఒక్క వాక్యం. అదీ బ్రాకెట్లలో, ఏదో చెప్పడం మరిచిపోయి మధ్యలో ఇరికించినట్టు. పదమూడేళ్ల పిల్లకు ఆ వార్త అలాగే వచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

నవల సొంత ప్రెస్సులోనే వచ్చింది. విడుదల తేదీ 1927 మే 5. తిథి ప్రకారం కాకపోయినా తారీఖు ప్రకారం అది అమ్మ తద్దినమే. రాయడం అయిపోయాక ఆ గొంతు ఆగిపోయిందట. మానసిక వైద్యులు రోగులకు చేసే పనేదో తనకు తానే చేసుకుని ఉంటానని ఆమె అనుకుంది. ఇక తండ్రి సంగతి. 1928లో ఆయన పుట్టినరోజు నాడు డైరీలో, ఉంటే ఈరోజుకు 96 వచ్చేవి అని లెక్కేసి, ఆయన ఉండి ఉంటే తన బతుకు అక్కడితో సరి, ఒక్క పుస్తకమూ వచ్చేది కాదని కూడా రాసింది. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలన్న నియమం డైరీకి లేదు మరి.

★

అమ్మ అంత్యక్రియల ఖర్చు కోసం నవల రాసినాయన కూడా ఉన్నాడు. ఆంగ్ల నిఘంటువుతో పేరుపొందిన శామ్యూల్ జాన్సన్ తల్లి 1759 జనవరిలో పోయింది. ఆ ఖర్చుకూ, ఆమె మిగిల్చిన చిన్నాచితకా బాకీలకూ ‘రాసెలాస్’ నవలను ఒక్క వారం సాయంత్రాల్లో ముగించాడని ఆయన జీవిత చరిత్రకారుడు బాస్వెల్ చెప్పాడు. ప్రచురణకర్తలు వంద పౌండ్లు ఇచ్చారు. అప్పట్లో ఈ జాన్సన్ పేరుతో ఉండిన బహుమతే 2014లో, నాన్న పోయిన దిగులులో డేగను పెంచిన కథ రాసిన హెలెన్ మెక్‌డొనాల్డ్‌కు వచ్చింది.

★

యూదుల్లో ఎవరైనా పోతే ‘కడిష్’ అనే ప్రార్థన చదవాలి. చదవాలంటే సంప్రదాయం ప్రకారం అక్కడ కనీసం పది మంది మగవాళ్లు ఉండాలి. 1956 జూన్‌లో అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ తల్లి నయోమీని సమాధి చేసిన రోజు ఆ పది మందీ పోగవలేదు. ఆమె ఏళ్ల తరబడి మతిస్థిమితం లేక ఆసుపత్రుల్లో ఉండి, అక్కడే పోయింది. కొడుకు దూరాన కాలిఫోర్నియా వైపు ఉన్నాడు. ప్రార్థన లేకుండానే పని ముగిసింది. పోయిందన్న కబురు అందిన కొద్ది రోజులకు, అమ్మ పోయేముందు రాసిన ఉత్తరం కొడుకు చేతికొచ్చింది!

కర్మ లోపం జరిగిందన్న బాధ ఎలాంటిదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గిన్స్‌బర్గ్ ఆ లోపాన్ని తన పద్ధతిలో పూడ్చాడు. 1958లో దాదాపు రెండు రోజులు ఏకబిగిన కూర్చుని దీర్ఘ కవితలో చాలా భాగం రాసేశాడు. దానికి ‘కడిష్’ అనే పేరు పెట్టాడు. 1961లో అచ్చయింది. ఇంకో విచిత్రం: అసలు కడిష్ ప్రార్థనలో చావు ప్రసక్తే ఉండదు, మొత్తం దైవస్తుతే. గిన్స్‌బర్గ్ కవితలో అమ్మ పిచ్చి, భయాలు, ఆసుపత్రి గదులు ఏవీ దాచకుండా ఉంటాయి.

★

తండ్రి బతికుండగానే రాసినాయన వేల్స్ కవి డిలన్ థామస్. చావుకు లొంగవద్దని తండ్రిని బతిమాలుతూ రాసిన కవిత 1951లో అచ్చయింది. దాన్ని పంపుతూ పత్రిక సంపాదకురాలికి, ఇది చూపించలేనిది మా నాన్న ఒక్కడికే, తాను పోబోతున్నట్టు ఆయనకు తెలియదు అని రాశాడు. తండ్రి 1952 డిసెంబర్‌లో పోయాడు. ఏడాది తిరగకముందే, 1953 నవంబర్‌లో, కొడుకూ పోయాడు. ఆ కవితకు ఎంచుకున్న ఛందస్సు మహా కఠినం: 19 పాదాలు, రెండే ప్రాసలు, రెండు పాదాలు మళ్లీ మళ్లీ తిరిగి రావాలి. దుఃఖంలో ఉన్నవాడికి లెక్క పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండటమే మేలేమో.

★

రాస్తే గుండె బరువు దిగుతుందంటారు కదా, ఎవరైనా తూచి చూశారా? చూశారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్‌తో కలిసి 1986లో ఒక ప్రయోగం ప్రకటించాడు. కాలేజీ విద్యార్థులు నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమను బాగా దెబ్బతీసిన సంఘటన గురించి రాశారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా పాడైంది, రక్తపోటు కూడా పెరిగింది. కానీ జరిగిందీ, తమకు అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి ఆరు నెలల్లో వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది.

ఇక్కడితో ఆపేస్తే అబద్ధమవుతుంది. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో, భర్తనో భార్యనో అప్పుడే పోగొట్టుకున్నవాళ్ల చేత ఇలాగే రాయించారు. వాళ్ల దుఃఖంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. అందుకే, పరామర్శకు వెళ్లి నోట్‌బుక్ చేతిలో పెట్టి రాయమని పోరేవాళ్లు కాస్త ఆగాలి.

★

ఫ్రెంచి రచయిత్రి అనీ ఎర్నో తల్లి 1986 ఏప్రిల్ 7న పోయింది. రెండు వారాలు గడవకముందే ‘ఒక స్త్రీ’ మొదలుపెట్టి పది నెలల్లో పూర్తి చేసింది. తండ్రి 1967లోనే పోయినా ఆయన పుస్తకానికి మాత్రం పదిహేనేళ్లు దాటింది. అమ్మకు పది నెలలు, నాన్నకు పదిహేనేళ్లకు పైగా. ఆమెకు 2022లో నోబెల్ వచ్చింది.

★

తెలుగులో స్మృతి కావ్యాలనగానే భార్య పోయాక విశ్వనాథ రాసిన ‘వరలక్ష్మీ త్రిశతి’ గుర్తొస్తుంది. తల్లి కోసం నాయని సుబ్బారావు ‘మాతృగీతాలు’ రాశారు. మొదటిది తెలిసినంతగా రెండోది ఈ తరానికి తెలియదు. పాత పుస్తకాల షాపులో దొరికితే వదలకండి.

★

2020 జూన్ 10న నైజీరియాలో రచయిత్రి చిమమాండా అడిచీ తండ్రి పోయారు. ఆయన ఆ దేశపు తొలి స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్. కూతురు అమెరికాలో ఉంది. కరోనా వల్ల విమానాశ్రయాలు మూతపడ్డాయి. అంతకుముందు ఆదివారాలన్నీ జూమ్‌లో కలుసుకునే కుటుంబం, ఆయన పోయాక కూడా ఆయన్ను అందులోనే చూసుకుంది. ఆ రోజుల్లో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని అమ్మానాన్నల దహనం ఫోన్‌లో చూసిన తెలుగువాళ్లకు ఇందులో విడమరిచి చెప్పాల్సిందేమీ లేదు. మూడు నెలల్లో అడిచీ ఒక వ్యాసం రాసింది. అదే 2021 మే నెలలో ‘నోట్స్ ఆన్ గ్రీఫ్’ అనే చిన్న పుస్తకమైంది.

పుస్తకం రావడానికి రెండు నెలల ముందు, మార్చి 1న, వాళ్లమ్మ కూడా పోయింది. ఆ రోజు నాన్న పుట్టినరోజు. అమ్మ మీద పుస్తకం వెంటనే రాలేదు. 2025లో ‘డ్రీమ్ కౌంట్’ అనే నవల వచ్చింది. నలుగురు ఆడవాళ్ల కథ అది. రాయడం దాదాపు ముగిశాక చూసుకుంటే అది నిజానికి అమ్మ గురించేనని తెలిసిందని ఆమె పుస్తకం చివర్లో చెప్పుకుంది.