ఏ క్షణాన్ని చిత్రించాలి? రూబెన్స్ గీసిన 'పెర్సియస్, ఆండ్రోమెడా'

జలదంకిలోనో, ఉదయగిరిలోనో ఉండి ఈ పాఠం చదువుతున్న మీకు గజేంద్రమోక్షం కథ కొత్తది కాదు. మొసలి పట్టు, ఏనుగు మొర, విష్ణువు రాక, చక్రం, విడుదల. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు ఇటువంటి కథను వరసలుగా గళ్ళు గీసి, మొదటి నుంచి చివరిదాకా ఒకే గుడ్డమీద చూపగలడు; కింద తెలుగులో వివరణ కూడా రాస్తాడు. 17వ శతాబ్దపు ఐరోపా చిత్రకారుడు సాధారణంగా ఒక పటంలో ఒక ఘట్టాన్నే చూపేవాడు. అందువల్ల అతడు ఏ క్షణాన్ని ఎంచుకున్నాడన్నది మనం మొదట అడగవలసిన ప్రశ్న.

బరోక్ శైలిలో ప్రముఖుడైన పీటర్ పాల్ రూబెన్స్ (1577–1640) ఈ చిత్రాన్ని 1622 ప్రాంతంలో గీశాడు. కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పినది. ఇథియోపియా రాణి కాసియోపియా అందం గురించి గొప్పలు పోయింది. తల్లి మాటకు శిక్ష కూతురు ఆండ్రోమెడా మీద పడింది. ఆమెను సముద్రజంతువుకు బలిగా కొండరాతికి కట్టేశారు. ఆకాశంలో ఎగిరివెళుతున్న పెర్సియస్ ఆమెను చూసి దిగాడు. అయితే ఊరికే కాపాడలేదు. పిల్లనిస్తామని తల్లిదండ్రుల చేత ముందే మాట తీసుకున్నాడు! లక్ష్మికైనా చెప్పకుండా పరుగున వచ్చిన పోతన విష్ణువు ఏమీ అడగలేదు.

రూబెన్స్ కన్నా ముందు, 1550లలో, ఇటలీ చిత్రకారుడు టిషియన్ ఇదే కథకు పోరాటఘట్టాన్ని ఎంచుకున్నాడు. అందులో పెర్సియస్ గాలిలోంచి తలకిందులుగా జంతువు మీదికి దూకుతుంటాడు. గెలుస్తాడో లేదో తెలియదు.

ఇప్పుడు రూబెన్స్ చిత్రంలో ఆ జంతువు కోసం వెతకండి. అది కింద, నోరు తెరిచి చచ్చిపడి ఉంది. యుద్ధం ముగిసింది. విజయదేవత వీరుడి తలపై దండ ఉంచుతోంది. పెగాసస్ అనే రెక్కల గుర్రం నిలబడి ఉంది (ఓవిడ్ కథలో గుర్రం లేదు, రెక్కల చెప్పులే). చుట్టూ రెక్కల పసివాళ్ళ సందడి. కత్తి పని అయిపోయింది కనుక మన చూపు పెర్సియస్ అడుగు మీదికి, ఆండ్రోమెడా వంచిన తల మీదికి వెళుతుంది. మెడూసా తల ఉన్న డాలు పట్టిన వీరుడు ఆమె ముందు మెత్తబడ్డాడు. బరోక్ అంటే ఆవేశం, అలజడి అని చాలామంది బట్టీపడతారు. ఈ చిత్రంలో కదలికంతా ఈ నెమ్మదికి చుట్టూ తిరుగుతుంది.

ఒక విషయం దాటవేయకూడదు. ఓవిడ్ మరొకచోట ఆండ్రోమెడాను నల్లని రంగు గల అందగత్తెగా పేర్కొన్నాడు. రూబెన్స్ ఆమెను తెల్లగా, తన కాలపు ఐరోపా స్త్రీలా గీశాడు. అతనొక్కడే కాదు, టిషియన్ కూడా అంతే. నలుపును అందంగా ఒప్పుకోని చూపు చిత్రకళలోకి ఎలా చొరబడుతుందో ఇక్కడ తెలుస్తుంది.

సుమారు 1 మీటరు ఎత్తు, 1.4 మీటర్ల వెడల్పు ఉన్న ఈ చిత్రం 1769 నుంచి రష్యాలో, ఇప్పటి హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. చివరి రోజుల్లో రూబెన్స్ మళ్ళీ ఇదే కథను చేపట్టాడు. 1640లో అతడు మరణించగా యాకోబ్ యోర్డాన్స్ పూర్తిచేశాడు. మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉన్న ఆ చిత్రంలో, కవచం తొడిగిన పెర్సియస్ ఆండ్రోమెడా కట్లు విప్పుతున్నాడు.